ఇంట్లో చేసిన గ్రనోలా తెల్లారేసరికి మెత్తబడిపోతోంది, కరకరలాడాలంటే ఏం చేయాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అబ్బాయి భువనేశ్వర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పొద్దున్నే తరగతికి పరుగెత్తే ముందు పాలలో వేసుకుని తినడానికి గ్రనోలా (ఓట్స్, పప్పులు తీపితో కలిపి కరకరలాడేలా కాల్చినది) పంపమని అడిగాడు. దుకాణంలో దొరికే పొట్లాల ఖరీదు ఎక్కువగా ఉంది, తీపి కూడా నాకు ఎక్కువగానే అనిపించింది. అందుకని ఇంట్లోనే చేద్దామని ఈ వర్షాకాలంలో మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ కుదరలేదు.

మొదటిసారి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) 180 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచితే అంచులు మాడిపోయాయి, నడుమ మాత్రం తడి ఆరలేదు. రెండోసారి వేడి 150కి తగ్గించాను గానీ, ఇంట్లో ఉన్నవి రెండు నిమిషాల్లో ఉడికే సన్న ఓట్స్ కావడంతో అంతా పొడిపొడిగా రాలిపోయింది. మూడోసారి పెద్ద రేకుల రోల్డ్ ఓట్స్ 300 గ్రాములు, తేనె 120 గ్రాములు, రెండు చెంచాల కొబ్బరి నూనె, పలాస నుంచి తెచ్చుకున్న జీడిపప్పు బద్దలు, గుమ్మడి గింజలు, కిస్‌మిస్ అన్నీ ఒకేసారి కలిపి ట్రే నిండా పోశాను. అరగంట తరువాత తీసి వేలితో నొక్కి చూస్తే మెత్తగానే తగిలింది. మరో పది నిమిషాలు పెట్టాను, రంగు ముదిరింది గానీ మెత్తదనం పోలేదు. ఇంతలో రాత్రి అయింది, బయట ఉంచితే చీమలు పడతాయన్న భయంతో ఇంకా గోరువెచ్చగా ఉండగానే స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టేశాను. తెల్లారి మూత తీసేసరికి దాని లోపలి వైపు నీటి చుక్కలు వరుసగా పట్టి ఉన్నాయి. గ్రనోలా తడిసిన అటుకుల్లా ముద్దకట్టింది.

తేనె మానేసి బెల్లం వాడవచ్చా, ఎంత వేడి మీద ఎంతసేపు కాల్చాలి, పార్సిల్లో వెళ్లి హాస్టల్ గదిలో పదిహేను రోజులైనా కరకరలాడాలంటే ఏం చేయాలి, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. ఓట్స్, జీడిపప్పు రెండూ ఖరీదైనవే కనుక నాలుగోసారి పాడు చేసుకోవడానికి మనసొప్పడం లేదు.


రస్కుల బట్టీ (బరంపురం):

చెల్లెమ్మా, నేను బరంపురంలో ఒక బేకరీలో రస్కులు, బిస్కెట్లు కాల్చే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. మీ మూడో ప్రయత్నంలో కాల్చడం దాదాపు సరిగ్గానే జరిగింది, చెడినది ఆ తరువాత. వేడి మీద ఉన్న గ్రనోలా ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు అందులోని చక్కెర పాకం ఇంకా కరిగిన స్థితిలోనే ఉంటుంది. అది పూర్తిగా చల్లారి గట్టిపడినప్పుడే కరకర వస్తుంది. మా రస్కులూ బట్టీలో నుంచి తీసిన క్షణంలో వంగుతాయి, అరగంట గాలికి ఉంచాకే విరుగుతాయి. కనుక పొయ్యి మీద ఉండగా వేలితో నొక్కి చూసి నిర్ణయించుకోకండి, రంగు చూడండి, వాసన చూడండి. ఓట్స్ రేకులు గోధుమరంగుకు తిరిగి, వేయించిన పప్పుల కమ్మటి వాసన గది దాటి వస్తే చాలు. మీరు అదనంగా పెట్టిన పది నిమిషాలు రంగును ముదిర్చాయే తప్ప మెత్తదనాన్ని పోగొట్టలేవు.

ఇక అసలు సంగతి నీరు. ఎండుగా కనిపించే రోల్డ్ ఓట్స్‌లో కూడా సుమారు 10 శాతం తేమ ఉంటుంది, తేనెలో 17, 18 శాతం దాకా నీరు ఉంటుంది, కిస్‌మిస్‌లో 15 శాతం దాకా ఉంటుంది. మనం ఓవెన్‌లో చేసే పనంతా ఈ నీటిని తరిమేయడమే. ట్రే నిండా మందంగా పోస్తే అడుగున పుట్టిన ఆవిరి పైకి రాలేక అక్కడే చిక్కుకుంటుంది, అందుకే మొదటిసారి మీకు అంచులు మాడాక కూడా నడుమ తడిగా ఉండిపోయింది. పరిచిన పొర వేలి మందానికి మించకూడదు. అంతకంటే ఎక్కువ ఉంటే రెండు వాయిలుగా కాల్చుకోండి.

వేడి 150 డిగ్రీలు సరిపోతుంది. ముందుగా పావుగంట ఓవెన్ వేడెక్కనివ్వండి, పైనా కిందా రెండు రాడ్లూ వెలగాలి, ట్రే నడిమి అరలో ఉండాలి. చిన్న ఓటీజీల్లో మీట మీద ఉన్న అంకెకూ లోపలి వేడికీ ఇరవై డిగ్రీల తేడా ఉండడం నేను చాలా ఇళ్లలో చూశాను, కనుక వీలైతే లోపల పెట్టుకునే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. అది లేకపోతే 140 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. మొత్తం ముప్పై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. సగం సమయానికి ట్రేను వెనకది ముందుకు తిప్పాలి. గడ్డలు గడ్డలుగా కావాలంటే గరిటెతో కలపకుండా, మొదటే గిన్నె అడుగుతో గట్టిగా అదిమి అలాగే వదిలేయండి. విడివిడిగా కావాలంటే పది నిమిషాలకొకసారి కలపండి. రెండూ ఒకేసారి రావు.

కాలడం పూర్తయ్యాక ఓవెన్ ఆపేసి, తలుపు ఒక అంగుళం తెరిచి, ట్రేను లోపలే వదిలేయండి. ఆ మిగులు వేడి చివరి తేమను తీసుకుపోతుంది, రస్కులకు మేము చేసేదీ ఇదే. గంట తరువాత బయటికి తీసి, ట్రే అడుగు అరచేతికి చల్లగా తగిలేదాకా ఆగి, అప్పుడు విరిచి డబ్బాలో పోయండి. గోరువెచ్చగా ఉన్నది మూతపెడితే ఏమవుతుందో ఆ నీటి చుక్కల్లో మీరే చూశారు. చీమల భయం ఉంటే ట్రేను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టకండి, ఆ నీటి తేమ కూడా వద్దు. బల్ల కాళ్ల చుట్టూ పసుపు చల్లి బల్ల మీద పెట్టండి.

తేనె గురించి అడిగారు. అందులో ఫ్రక్టోజు అనే చక్కెర ఎక్కువ, అది గాలిలోని చెమ్మను వదలకుండా పీల్చుకుంటుంది. ఎండాకాలంలో ఇబ్బంది ఉండదు గానీ శ్రావణ భాద్రపదాల్లో మన వైపు గాలి తేనె వేసినదాన్ని కరకరలాడనివ్వదు. అందుకే వానాకాలంలో తేనెను మూడో వంతుకు తగ్గించి, మిగిలినది పంచదార పాకంగా వేయండి. నూనె రెండు చెంచాలు చాలవు, 300 గ్రాముల ఓట్స్‌కు 60 మిల్లీలీటర్లు కావాలి. నూనె ప్రతి రేకు చుట్టూ పట్టినప్పుడే వేడి సమంగా అందుతుంది. అర చెంచా ఉప్పు మరవకండి, తీపిని అదే నిలబెడుతుంది. గుడ్డు తినేవారైతే ఒక తెల్లసొన నురగగా గిలకొట్టి కలిపితే గడ్డలు చాలా బాగా కడతాయి. కిస్‌మిస్ మాత్రం కాల్చకండి, చల్లారాక కూడా కలపకండి, దానికి విడిగా ఒక పొట్లం కట్టి పంపండి. కలిపి ఉంచితే అందులోని నీరు మెల్లగా ఓట్స్‌లోకి పాకుతుంది.

ఈ తిండి పుట్టుక కూడా రస్కు పుట్టుక లాంటిదే. 1863లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో డాన్స్‌విల్ అనే ఊళ్లో జేమ్స్ కాలెబ్ జాక్సన్ అనే ఆయన పొట్టు తీయని గోధుమపిండి ముద్దను కాల్చి, విరిచి, మళ్లీ కాల్చి ‘గ్రాన్యులా’ అని పేరు పెట్టారు. రాత్రంతా నానబెడితే తప్ప నమలలేనంత గట్టిగా ఉండేదట. రెండుసార్లు కాల్చడం వల్ల వచ్చిన గట్టిదనం అది. మీ మెత్తబడినదాన్ని కూడా పారేయకండి. కిస్‌మిస్ ఏరేసి 120 డిగ్రీల మీద పావుగంట మళ్లీ ఆరబెట్టి పూర్తిగా చల్లారనివ్వండి, చాలావరకు కోలుకుంటుంది.


గుణుపురం పెద్దమ్మ:

అమ్మాయీ, బరంపురం బాబు చెప్పినదంతా సరైనదే, కానీ ఓవెన్ లేని ఇళ్లు మన రాయగడ జిల్లాలో ఎన్నో ఉన్నాయి, వారి కోసం కూడా రాస్తున్నాను. మా కోడలు ఈ ఓట్స్ తిండి అడిగినప్పుడు నేను మురీ (మరమరాల) ఉండలకు పట్టే పాకంతోనే చేశాను, నెల రోజులు కరకరలాడింది.

అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడు తీసుకోండి. 250 గ్రాముల రోల్డ్ ఓట్స్ రెండు వాయిలుగా, సన్నని సెగ మీద, ఒక్కొక్క వాయి పది పన్నెండు నిమిషాలు అట్లకాడతో ఆగకుండా తిప్పుతూ వేయించాలి. ఒక రేకు నోట్లో వేసుకుంటే పంటి కింద పుటుక్కుమని విరగాలి, పచ్చి పిండి రుచి తగలకూడదు. ఇది తొందరపడే పని కాదు. సెగ పెంచితే రేకు పైన ఎర్రబడుతుంది, లోపల చెమ్మ అలాగే ఉండిపోతుంది, అదే మర్నాటికి మెత్తదనంగా బయటపడుతుంది. జీడిపప్పు, వేరుశనగ పప్పు, గుమ్మడి గింజలు ఒక్కొక్కటే విడిగా వేయించుకోండి, ఎందుకంటే ఒకటి వేగేలోపు మరొకటి మాడుతుంది.

తరువాత 120 గ్రాముల బెల్లం మూడు చెంచాల నీళ్లలో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి రెండు చెంచాల నెయ్యి వేయండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, తీగ పాకం రాగానే దించేస్తారు. తీగ పాకంలో ఇంకా నీరు మిగిలే ఉంటుంది. ఒక పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి పక్కన ఉంచుకుని, పాకం చుక్క అందులో వేసి చూస్తూ ఉండండి. మొదట చుక్క చెదిరిపోతుంది, కాసేపటికి జారే ఉండ అవుతుంది, ఇంకాసేపటికి గట్టి ఉండ అవుతుంది. ఆ ఉండను తీసి పళ్లెం అంచుకు కొడితే టంగుమని మోగాలి, కొరికితే పంటికి అంటకుండా పలుకుగా విరగాలి. ఆ మోత వినబడే వరకు ఆగండి. మోగిన వెంటనే పొయ్యి ఆపి, చిటికెడు ఉప్పు, చిటికెడు వంట సోడా వేస్తే పాకం తెల్లగా పొంగుతుంది, ఆ పొంగు వల్లనే గట్టిపడ్డాక పంటికి తేలికగా ఉంటుంది. వెంటనే ఓట్స్, పప్పులు వేసి గబగబా కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పరిచి, స్టీలు గ్లాసు అడుగుతో అదమండి. ఆలస్యం చేస్తే మూకుడులోనే బిగుసుకుపోతుంది, అందుకని ఇంట్లో ఇంకొకరు దగ్గర ఉంటే మంచిది. చల్లారాక చేత్తో విరిచేయడమే.

ఓట్స్ దొరకనప్పుడు లావు అటుకులతో చేయండి, ఇంకా బాగుంటుంది. సన్న అటుకులు వద్దు, పాకం తగలగానే ముడుచుకుపోతాయి.


మహేంద్రతనయ:

అన్నయ్య గారికి, పెద్దమ్మ గారికి చాలా కృతజ్ఞతలు. వేడి మీద మెత్తగా ఉండడం సహజమన్న ఒక్క మాట ముందే తెలిసి ఉంటే మొదటిసారే అంచులు మాడ్చుకునేదాన్ని కాదు. ఒక సందేహం మిగిలింది. మా ఇంట్లో ఉన్న నల్లబెల్లం ఈ వానలకు తనంత తానే చెమర్చి, పెట్టిన కాగితాన్ని తడిపేస్తోంది. దానితో చేస్తే గ్రనోలా కూడా అలాగే చెమరుస్తుందా?


రస్కుల బట్టీ (బరంపురం):

తప్పకుండా చెమరుస్తుంది, అది వాడకండి. చెమర్చే బెల్లంలో మామూలు చక్కెరతో పాటు విడిపోయిన చక్కెరలు (గ్లూకోజు, ఫ్రక్టోజు) ఎక్కువగా ఉంటాయి, అవి తేనె లాగానే గాలిలోని తేమను లాగుతాయి. గోటితో గీకితే పొడిగా రాలే, లేత రంగు గట్టి బెల్లం చూసి తీసుకోండి. అది దొరకకపోతే సగం బెల్లం, సగం పంచదార వేయండి. పంచదార తేమకు అన్నిటికంటే తక్కువ లొంగుతుంది, కరకర కోసం నేను దాన్ని ఏ మొహమాటమూ లేకుండా వాడతాను. పెద్దమ్మ గారు చెప్పిన టంగుమనే పాకం పొయ్యి మీద చేసేవారికే గానీ ఓవెన్‌లో కాల్చేవారికి అవసరం లేదు. మీరు ఓవెన్‌లో పెట్టబోతున్నారు కనుక బెల్లం కరిగి నురగ వచ్చేదాకా మరిగిస్తే చాలు, మిగిలిన నీటిని ఓవెనే తీసేస్తుంది. ముదురు పాకం పోస్తే ఓవెన్‌లో మరింత ముదిరి చేదెక్కుతుంది.


కొండ చోళ్లు (జయపురం):

మీ చర్చంతా ఓట్స్ చుట్టూ తిరుగుతోంది కనుక కోరాపుట్ జిల్లా నుంచి నేనొక మాట కలుపుతాను. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల కోసం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టిన తరువాత మా వైపు సంతల్లో చోళ్లు (రాగులు), సామలు మాత్రమే కాక వాటితో చేసిన తినుబండారాలు కూడా కనబడుతున్నాయి. నేను రెండేళ్లుగా సగం ఓట్స్, సగం జొన్న అటుకులు వేసి గ్రనోలా చేస్తున్నాను. జొన్న అటుకులు ఓట్స్ కంటే పలచన, నూనె తక్కువ, అందువల్ల ముందే మాడతాయి. ఓట్స్‌ను ఇరవై నిమిషాలు కాల్చాక అటుకులు కలిపి మిగిలిన పది పదిహేను నిమిషాలు కాలిస్తే రెండూ సమంగా వస్తాయి. పచ్చి చోళ్లు, పచ్చి సామలు గింజలుగా మాత్రం వేయకండి, ఆ వేడికి అవి ఉడకవు, పొంగవు, పంటికి రాళ్లలా తగులుతాయి. చోళ్లు వేయాలనుకుంటే వేయించిన చోడిపిండి రెండు చెంచాలు పాకంలో కలపండి, గడ్డలు కట్టడానికి అది బాగా తోడ్పడుతుంది.

మా కొండల్లో విరివిగా పండే వెర్రి నువ్వులు కూడా ఒక గుప్పెడు వేయండి. నల్లగా, సన్నగా, నూనె నిండి ఉంటాయి కనుక త్వరగా వేగిపోతాయి, ఎక్కువైతే చేదు వస్తుంది. చివరి ఎనిమిది నిమిషాల్లో చల్లితే సరిపోతుంది.

పక్కింటి ఒడియా అక్క గారు నా గ్రనోలా తిని, ‘ఇది మా ఉఖుడా కదా’ అన్నారు. పేలాలను బెల్లం పాకంలో వేయించి చేసే తీపి అది, నెలల తరబడి డబ్బాలో కరకరలాడుతూ ఉంటుంది. ఆవిడ డబ్బాలో పోసేముందు డబ్బాను ఎండలో కాని పొయ్యి పక్కన కాని వేడిచేసి, చల్లార్చి, అప్పుడే పోస్తారు. వానాకాలంలో పొడిగా కనిపించే డబ్బా లోపల కూడా చెమ్మ పట్టి ఉంటుందని ఆవిడే చెప్పారు. నేను అప్పటి నుంచీ అలాగే చేస్తున్నాను, తేడా స్పష్టంగా ఉంది. ఇంకొక మాట, ఇది పప్పులూ నూనే తీపీ కలిసినది, 100 గ్రాములకు 450 కేలరీలకు పైనే ఉంటుంది. మీ అబ్బాయికి పూటకు 40, 50 గ్రాములు కొలిచి తినమని చెప్పండి.


మహేంద్రతనయ:

నిన్న ఆదివారం నాలుగోసారి చేశాను, బయట తెరిపి లేకుండా వాన పడుతూనే ఉంది. ఓట్స్ 200 గ్రాములు, జొన్న అటుకులు 100 గ్రాములు, జీడిపప్పు బద్దలూ గుమ్మడి గింజలూ కలిపి 120 గ్రాములు, లేత బెల్లం 50 గ్రాములు, పంచదార 40 గ్రాములు, తేనె ఒక్క చెంచా, కొబ్బరి నూనె 60 మిల్లీలీటర్లు, వేయించిన చోడిపిండి రెండు చెంచాలు, అర చెంచా ఉప్పు. కాగితం పరిచిన ట్రేలో వేలి మందాన పరిచి గిన్నె అడుగుతో అదిమాను, రెండు వాయిలు అయ్యాయి. జొన్న అటుకులు కలపడానికి ఇరవై నిమిషాలప్పుడు ఒకసారి కదపక తప్పలేదు, వెంటనే మళ్లీ అదిమేశాను. అందువల్ల గడ్డలు కొంచెం చిన్నవిగా వచ్చాయి.

మొదటి వాయి ముప్పై మూడో నిమిషంలో ఉండగా కరెంటు పోయింది. భయపడి బయటికి తీయబోయి, అన్నయ్య గారి మాట గుర్తొచ్చి, తలుపు అంగుళం తెరిచి అలాగే వదిలేశాను. గంట తరువాత తీస్తే ట్రే అంతా ఒకే పలకలా బిగుసుకుని ఉంది, కాగితం పట్టుకుని ఎత్తితే వంగకుండా లేచింది. చేత్తో విరిస్తే అప్పడం విరిగిన చప్పుడు వచ్చింది. రెండో వాయి కరెంటు వచ్చాక పూర్తిగా ముప్పై ఎనిమిది నిమిషాలు కాలింది, దాని రంగు ఒక పాలు ఎక్కువ. రుచి మాత్రం మాకందరికీ మొదటి వాయిదే నచ్చింది, ఇకపైన ముప్పై ఐదు దగ్గర ఆపేస్తాను.

డబ్బాలను గ్యాసు పొయ్యి పక్కన వేడిచేసి చల్లార్చి, పెద్దదొక్కటి కాకుండా నాలుగు చిన్న సీసాల్లో నింపాను, రోజూ మూత తీసేది ఒక్కటే ఉండాలని. కిస్‌మిస్ పొట్లం విడిగా కట్టాను. పరీక్ష కోసం ఒక గుప్పెడు గ్రనోలా మూత లేని గిన్నెలో వంటగదిలోనే వదిలి, మరొక గుప్పెడు సీసాలో మూతపెట్టి ఉంచాను. ఈ రోజు పొద్దున చూస్తే గిన్నెలోనిది అప్పుడే కొంత మెత్తబడింది. సీసాలోనిది స్టీలు పళ్లెంలోకి వంపితే గులకరాళ్లు పడినట్లు మోగింది. మూడు సీసాలు రేపు పార్సిల్లో వెళ్తున్నాయి, నాలుగోదాన్ని పదిహేనో రోజున తెరిచి ఎలా ఉందో ఇక్కడే రాస్తాను. మూడోసారి మెత్తబడినదాన్ని కూడా కిస్‌మిస్ ఏరి 120 డిగ్రీల మీద పావుగంట ఆరబెట్టాను. మళ్లీ కరకరలాడింది గానీ తేనె వాసన కొంచెం మాడినట్లు ఉంది, అది మేము ఇంట్లో పెరుగులో వేసుకుని తినేస్తున్నాము.